గంటల లెక్కలో లేని చేతులు

2014 అక్టోబరు మూడోవారం. విశాఖపట్నంలో హుద్‌హుద్ తుఫాను తీరం దాటి అయిదు రోజులైంది. కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో కూర్చుని లాగ్‌షీట్లు రాస్తున్నాను. జేసీబీలు, క్రేన్లు, టిప్పర్లు అద్దెకిచ్చే ఒక చిన్న కంపెనీలో నేనప్పుడు అకౌంట్లు రాసేదాన్ని. మా మిషన్లన్నీ రోడ్లమీద పడిపోయిన చెట్లను తీసే పనిలో ఉన్నాయి. అవి చాలక పక్క జిల్లాలనుంచి మరికొన్నిటిని తెప్పించాం. ఏ మిషను, ఏ రోడ్డు, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆపడం, మీటరు రీడింగు ఎంత, అక్కడి సూపర్‌వైజర్ సంతకం. ఇవి తప్ప ఆ కాగితంలో ఇంకే గడీ లేదు.

మర్నాడు సంతకాలకోసం సైటుకి వెళ్లాను. జేసీబీ పెద్ద మొద్దులు ఎత్తి పక్కన పడేస్తోంది. దాని వెనకాల ముగ్గురు ఆడవాళ్లు కొమ్మలు లాగుతున్నారు. ఆకూ అలమూ చీపుళ్లతో ఊడ్చి తట్టలకెత్తుతున్నారు. తెగిపడ్డ తీగలు, విరిగిన అద్దాలు, రేకుముక్కలు చేత్తోనే ఏరుతున్నారు. మా కంపెనీ మేస్త్రి రోజుకూలీకి తెచ్చిన మనుషులు వాళ్లు. కాళ్లకు హవాయి చెప్పులు. చేతులకు ఏమీ లేవు. నా చేతిలో కాగితం చూసి వాళ్లలో పెద్దావిడ అడిగింది. "ఏటి రాస్తన్నావమ్మా?"

"మిషను ఎన్ని గంటలు పనిచేసిందో రాస్తున్నానమ్మా."

"మిసనుకి గంటల లెక్కా? మరి మాకేటి, రోజు లెక్కేనా? అదాగినప్పుడు మేం ఆగలేదు గదమ్మా!"

నా దగ్గర జవాబు లేదు. నవ్వేసి వచ్చేశాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ ప్రశ్న వెంటబడి నేను వెనక్కి నడిచిన దారే ఈ వ్యాసం.

మిషన్ల అద్దె ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి. కోస్తాలో అద్దె అంటాం, రాయలసీమలో బాడుగ, తెలంగాణలో కిరాయి. పేరేదైనా పద్ధతి ఒకటే. ప్రతి మిషన్లోనూ గంటల మీటరు ఉంటుంది. ఇంజను నడిచినంతసేపూ తిరుగుతుంది. దానిమీదే బిల్లు. డీజిలు ఎవరిది, ఆపరేటరు బేటా ఎవరిది, మిషన్ను ట్రెయిలరుమీద తెచ్చి దింపే ఖర్చు ఎవరిది అన్నది ముందే మాట్లాడుకుంటారు. పని ఉన్నా లేకున్నా రోజుకి కనీసం ఇన్ని గంటలకు ఇవ్వాలని ఒప్పందం ఉంటుంది. అంటే మిషను ఖాళీగా నిలబడ్డా దాని సమయానికి విలువ ఉంది. కూలిమనిషి ఖాళీగా నిలబడితే "ఏంటా నిలబడటం?" అంటాం.

ఈ తేడా జేసీబీతో పుట్టిందేమీ కాదు. విపత్తువేళ పని, కూలి, లెక్క అనే మూడూ మన దేశంలో ఒకచోటికి వచ్చింది 19వ శతాబ్దపు కరువుల్లో. 1876-78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీని, అందులో భాగమైన మన జిల్లాలనీ ఊడ్చేసింది. అప్పట్లో సహాయమంటే కరువు పనులు. కాలువలు తవ్వడం, రోడ్లు వేయడం. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు పనుల్లో తవ్విందే. కరువు కమిషనరుగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877లో కూలి తగ్గించాడు. రోజంతా మట్టి మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యం, దానిపైన కొద్దిగా డబ్బు. ఆడవాళ్లకీ పిల్లలకీ అంతకంటే తక్కువ. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆకలి లెక్క గురించి వాదన జరిగింది. ఆడదాని కూలి తక్కువెందుకు అనే ప్రశ్న మాత్రం ఆ వాదనలో కేంద్రానికి రాలేదు. ఆడదాని తట్టలో మట్టి తక్కువ బరువేమీ కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం మన పెద్ద పనులన్నీ తట్టా పారలతోనే నడిచాయి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను కాంక్రీటుతో కాకుండా రాతికట్టడంగా కట్టారు. వేలాదిమంది చేతులకి పని దొరికింది. ఆ ఆనకట్ట పాత ఫొటోలు చూడండి. పరంజాలమీద వరసగా నడిచే తలమీది తట్టల్లో సగం ఆడవాళ్లవి. శిలాఫలకాలమీద వాళ్లు లేరు. లెక్కల్లో ఉన్నారేమో, మేస్త్రి పేరు కింద ఇంతమంది అని.

నా సొంత జ్ఞాపకం మొదలయ్యేది దివిసీమ దగ్గర. 1977 నవంబరు 19, శనివారం. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మాది అవనిగడ్డ వైపు. సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న ఊరు గనక బతికాం. కిందనున్న ఊళ్లమీద ఉప్పెన తాటిచెట్టెత్తున విరుచుకుపడింది. చనిపోయినవాళ్లు పదివేలమంది దాకా అని ప్రభుత్వం చెప్పింది. అంతకంటే చాలా ఎక్కువని మా ప్రాంతంలో అందరూ ఇప్పటికీ అంటారు.

ఆ రోజుల్లో జేసీబీ అనే మాట మాకు తెలియదు. అడ్డంపడ్డ చెట్లను గొడ్డళ్లతో నరికారు. శవాల్ని స్వచ్ఛంద సంస్థలవాళ్లు, విద్యార్థులు, జవాన్లు చేతులతో ఎత్తారు, దహనం చేశారు. శిథిలాలు తరలించడానికి మాకు దొరికిన యంత్రం ఎడ్లబండి. దానికీ అద్దె ఉండేది. మా తాతయ్య రాసిన ఖర్చుల పుస్తకం ఆయన పోయాక నా చేతికొచ్చింది. ఆ డిసెంబరు పేజీల్లో బండికిరాయి ఉంది, ఇంటిమీదికి తాటాకు ఉంది, వెదురు ఉంది, మగకూలీలు ఎంతమందో ఉంది. అమ్మ లేదు.

అమ్మ ఏం చేసిందో నాకు గుర్తుంది. బావిలోకి ఉప్పునీళ్లూ చచ్చిన కోళ్లూ చేరాయి. అమ్మా, పిన్నీ, పాలేరు పెళ్లామూ కలిసి మూడు రోజులు ఆ బావి తోడారు. తోడినకొద్దీ ఉప్పునీళ్లే ఊరాయి. మళ్లీ తోడారు. ఇంట్లోకి చేరిన ఒండ్రును తట్టలతో ఎత్తి పెరటవతల పోశారు. ధాన్యాన్ని కడిగి ఆరబోశారు. కుళ్లిన వాసనకి కొంగు ముక్కుకి కట్టుకుని, సాయంత్రమయ్యేసరికి బతికున్న ఇరవైమందికి వంట చేశారు. నాలుగో రోజుకి అమ్మ అరచేతులు చేదతాడు ఒరుసుకుని పుళ్లు పడ్డాయి. ఎన్నేళ్లో గడిచాక అడిగాను, తాతయ్య పుస్తకంలో నీ పని ఎందుకు లేదని. "మనింటి పనికి మనకెవరు కిరాయిస్తారే?" అంది. ఆవిడ వేళాకోళంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

యంత్రాలు ఆ తర్వాత వచ్చాయి. ఇంగ్లండులో 1945లో మొదలైన జేసీబీ కంపెనీ మన దేశంలో 1979లో అడుగుపెట్టింది. ముందు బకెట్టూ వెనక తవ్వే చెయ్యీ ఉన్న ఆ పసుపు బండి పేరే ఆ జాతి బండ్లన్నిటికీ పేరైపోయింది. పొక్లెయిన్ కూడా ఒక ఫ్రెంచి కంపెనీ పేరే. మన మేస్త్రుల నోట్లో అది పొక్లెయినర్ అయింది. బండిని ఫైనాన్సులో కొనడం, ఆపరేటర్ని పెట్టి గంటల లెక్కన తిప్పడం ఒక చిన్న వ్యాపారంగా మండల కేంద్రాలకు కూడా పాకింది. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు కూలిన కాంక్రీటు శ్లాబుల కింద మనుషులున్నారు. అక్కడ గునపాలతో అయ్యే పని కాదు. క్రేన్లు, గ్యాస్ కట్టర్లు, ఎక్స్‌కవేటర్లు ఎక్కడున్నాయన్నదే చావుబతుకుల ప్రశ్న అయింది. 2004 డిసెంబరు సునామీ తర్వాత నాగపట్నంలో సామూహిక ఖననానికి గోతులు తవ్వింది యంత్రాలే. ఆ గోతుల్లోకి వెళ్లినవాళ్లలో ఆడవాళ్లెందరు? పక్కనున్న కడలూరు జిల్లాలో మగవాళ్లకి దాదాపు మూడురెట్లమంది ఆడవాళ్లు చనిపోయారని ఆక్స్‌ఫామ్ 2005లో లెక్కచెప్పింది.

ఈ అనుభవాలనుంచి రెండు ఏర్పాట్లు పుట్టాయి. ఒకటి, ఏ జిల్లాలో ఏ పరికరం ఎవరి దగ్గరుందో చెప్పే జాబితా. ఇండియా డిజాస్టర్ రిసోర్స్ నెట్‌వర్క్ పేరుతో 2003లో మొదలైంది. అందులో బుల్‌డోజర్లు, క్రేన్లు, కట్టర్లు, పడవలు ఉన్నాయి. శిక్షణ పొందిన మనుషులూ ఉన్నారు. రెండు, 2005 విపత్తు నిర్వహణ చట్టం. దాని 65వ సెక్షను ప్రకారం అవసరమైతే అధికారులు వాహనాలను, వనరులను స్వాధీనం చేసుకోవచ్చు. 66వ సెక్షను ప్రకారం ఆ వాహన యజమానికి స్థానికంగా నడుస్తున్న కిరాయి రేట్లను బట్టి పరిహారమివ్వాలి. ఆ మొత్తం అన్యాయమని తోస్తే యజమాని మధ్యవర్తి ముందుకు తీసుకెళ్లమని కోరొచ్చు.

బాగానే ఉంది. తన బతుకుతెరువైన బండిని ప్రభుత్వం తీసుకుంటే కిరాయి ఇవ్వకపోతే ఎలా? నేను పనిచేసింది ఆ వ్యాపారంలోనే, ఆ కష్టం నాకు తెలుసు. కానీ ఆ సెక్షను చదివినప్పుడల్లా నాకు ఆ ఉత్తరాంధ్ర ఆవిడ గుర్తొస్తుంది. బండికి స్థానిక రేటు ఉంది, ఆ రేటుమీద తగాదాపడే హక్కుంది. చేతికి ఏ రేటు? ఏ మధ్యవర్తి?

విచిత్రమేమిటంటే అదే 2005లో మరో చట్టం వచ్చింది. గ్రామీణ ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దాన్ని ప్రారంభించారు. కాంట్రాక్టర్లు ఉండకూడదని, కూలీల పని లాక్కునే యంత్రాలు వీలైనంతవరకు వాడకూడదని, పని పొందేవాళ్లలో కనీసం మూడోవంతు ఆడవాళ్లుండాలని ఆ చట్టం చెప్పింది. దాని వెనక మన రాష్ట్రపు చేదు అనుభవం కూడా ఉంది. 2001-03 కరువు కాలంలో 'పనికి ఆహారం' పథకంకింద రాష్ట్రానికి భారీగా బియ్యం వచ్చాయి. చాలాచోట్ల చెరువుమట్టి తీసింది మాత్రం కాంట్రాక్టర్ల యంత్రాలు. మస్టర్ రోళ్లలో కూలీల పేర్లు, మట్టిలో పొక్లెయిన్ పళ్ల గుర్తులు. పరిశోధకులు అప్పుడే ఈ సంగతి రాశారు. కరువు పని అంటే చెరువు బాగుపడటమొక్కటే కాదు, ఆ పూట పొయ్యి వెలగడం. యంత్రం చెరువును బాగుచేసి పొయ్యిని ఆర్పేసింది.

ఒకే ఏడాది, ఒకే పార్లమెంటు. ఒక చట్టం యంత్రాన్ని వెంటనే రప్పించి దాని కిరాయికి రక్షణ ఇచ్చింది. ఇంకొకటి యంత్రాన్ని ఆపి చేతికి పని ఇచ్చింది. రెండూ అవసరమే. శ్లాబు కింద మనిషి ఉంటే యంత్రం కావాలి. ఊరికి కూలి లేకపోతే చెయ్యి కావాలి. కానీ ఈ రెంటి మధ్య ఒక చోటుంది. అక్కడ యంత్రం పనికిరాదు, అక్కడి చేతికి కూలి రాదు. అదే ఇంటి గడప.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగింది. నీళ్లు తీశాక ఇళ్లల్లో మోకాళ్లలోతు బురద. మా చిన్నాడపడుచు అక్కడ ఉండేది. నేను వెళ్లేసరికి వీధిలో జేసీబీలు తిరుగుతున్నాయి. ఎవరింటి బురద వాళ్లు ఎత్తి వీధిలో పోస్తే అవి టిప్పర్లకెత్తుతున్నాయి. లోపలికి వాటి చెయ్యి చేరదు. లోపల ఉన్నది ఆడవాళ్లే. మంచాలు, బీరువాలు, పిల్లల పుస్తకాలు, బియ్యం డబ్బాలు, అన్నిట్లోనూ బురద. మూడో రోజుకి ఎండి రాయి అయిపోతుంది గనక త్వరగా తీయాలి. మేం పళ్లేలతో, చాటలతో, చివరికి చేతులతో ఎత్తాం. రాత్రికి మా చిన్నాడపడుచు నడుం వంచలేక గోడకానుకుని ఏడ్చింది. వీధి చివర జేసీబీ ఆపరేటరు మీటరు చూసి కాగితంమీద రాసుకుంటున్నాడు. అది అతని తప్పు కాదు. అతని కాగితంలో ఆ గడి ఉంది.

పొలాల సంగతి చూసినా అంతే. వరద మేటవేసిన ఇసుకను తీయించుకోవడానికి విపత్తు సహాయ నిబంధనల్లో సాయం ఉంది. మేట మూడంగుళాలు దాటాలి, రైతు అర్హుల జాబితాలో ఉండాలి. ఆ డబ్బు ట్రాక్టరు అద్దెకు, జేసీబీ అద్దెకు పోతుంది. అది చేతికి రావాలంటే పాసుపుస్తకం ఉండాలి. పాసుపుస్తకం ఎవరి పేరుమీద ఉంటుందో చెప్పక్కర్లేదు. కౌలుకి చేసుకునే ఒంటరి ఆడదానికి ఇసుక మాత్రం మిగులుతుంది. గంపెత్తి ఆవిడే తీసుకుంటుంది. మూడంగుళాలు ఉన్నా, రెండే ఉన్నా.

హుద్‌హుద్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఈ వ్యాపారంలోనూ పైవాళ్లూ కిందవాళ్లూ ఉన్నారు. పెద్ద కాంట్రాక్టరుకి ఆర్డరొస్తుంది. ఒకటి రెండు బండ్లున్న చిన్నవాళ్లు అతని కింద తిప్పుతారు. బిల్లు నెలలకొద్దీ రాదు, ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు. మా దగ్గరికొచ్చిన చిన్న యజమానుల్లో కొందరి బండ్లు భార్యల పేరుమీద ఉండేవి. ఒకావిడ సంతకానికని ఆఫీసుకొచ్చింది. "ఇదేనా అండీ నా బండి?" అని బయట నిలబెట్టిన జేసీబీని మొదటిసారి చూసి అడిగింది. అప్పు ఆవిడ పేరుమీద, మీటరు భర్త జేబులో. ఆస్తి ఉన్న ఆడదానికీ లెక్క అందలేదు.

ఆ నెల బిల్లులు తయారుచేసేటప్పుడు నేనొక పని చేశాను. ఆ ముగ్గురి పనిని గంటల్లో వేసి, మిషను అద్దె కింద వేరే వరసగా రాశాను. పొద్దున్న ఆరున్నరనుంచి సాయంత్రం ఆరుదాకా, మధ్యలో అరగంట తిండికి. మిషను ఆరోజు నడిచింది ఏడు గంటలు. వాళ్లు నడిచింది పదకొండు. మా యజమాని చూసి గీత కొట్టాడు. "మేడమ్, లేబర్ ఇందులో రాదు. ఇతర ఖర్చుల్లో వెయ్యండి." వేశాను. డీజిలు డబ్బాలు, టీ, తాళ్లు, జిరాక్సు, ఆ పక్కన ముగ్గురు ఆడవాళ్లు. ఉద్యోగం నాకు అవసరం. మా అబ్బాయి ఇంజనీరింగు రెండో ఏడాదిలో ఉన్నాడు. స్త్రీల శ్రమ కనబడకుండా పోవడం గురించి సభల్లో విన్నాను, పత్రికల్లో చదివాను. దాన్ని కనబడకుండా చేసే చెయ్యి నాదే అవుతుందని అనుకోలేదు. మా తాతయ్య పుస్తకానికి నేను రాసిన కొత్త పేజీ అది.

ఆ లాగ్‌షీట్లే ఒకప్పుడు ఆఫీసులో భద్రపరిచారు. రేపెవరైనా హుద్‌హుద్ పునర్నిర్మాణ చరిత్ర రాస్తే అలాంటి కాగితాలే ఆధారమవుతాయి. ఎన్ని మిషన్లు, ఎన్ని గంటలు, ఎన్ని టన్నులు. చరిత్ర అబద్ధం చెప్పనక్కర్లేదు. గడి లేకపోతే చాలు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఒక సంగతి చూశాను. నీళ్లు తీశాక ఫైరింజన్లను వీధుల్లోకి తెచ్చి, బురద పట్టిన ఇళ్లను కూడా పైపులతో కడిగించారు. అందరిళ్లకూ అందిందా, అందిన ఇంట్లో పని అక్కడితో అయిపోయిందా అంటే కాదు. పరుపులు మోసి ఆరేసింది, గిన్నెలు తోమింది మళ్లీ వాళ్లే. అయినా గడప లోపలి బురద కూడా ప్రభుత్వం పట్టించుకోవలసిన బురదే అని ఒప్పుకోవడం నాకు చిన్న విషయంగా అనిపించలేదు. దివిసీమలో బావి తోడిన మా అమ్మ దాన్ని చూసి ఉంటే ఏమనేదో! ఆవిడ 2011లో వెళ్లిపోయింది.

యంత్రాలు వద్దనడం లేదు నేను. ఇంకా త్వరగా రావాలి, ఇంకా ఎక్కువ రావాలి. చిన్న యజమానికి కిరాయి సకాలంలో అందాలి. దాంతోపాటు విపత్తు పనిలో కాగితం రాసేచోటల్లా మిషను గంటల పక్కన మనిషి గంటల గడి ఒకటి ఉండాలి. మిషను వెనక ఊడ్చేవాళ్లకి చేతొడుగులూ బూట్లూ మిషను డీజిలంత తప్పనిసరి ఖర్చుగా ఉండాలి. ఇంటి బురద ఎత్తిన రోజులకి ఆ ఇంటి ఆడవాళ్ల చేతికే కూలి రావాలి. ఇల్లు మనదైతే మాత్రం, బురదను తెచ్చింది మనం కాదుగా!

ఆ పెద్దావిడ మళ్లీ నాకు కనబడలేదు. కనబడితే చెప్పాలనుకున్న జవాబు ఇది. అవునమ్మా, అది ఆగినప్పుడు మీరు ఆగలేదు. పదకొండు గంటలు. నేను రాశాను, కొట్టేశారు. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.